టైరు పక్కన పొడి నేల

యాసంగి వడ్లు దిగే రోజుల్లో ఎవరైనా నన్ను ఎలా ఉన్నావని అడిగితే పది కిలోల మెట్లలోనే జవాబు చెబుతాను. అంతకంటే సన్నంగా చెప్పే ఓపిక ఉండదు. మా ధర్మకాంటా కూడా అంతే. వడ్ల లారీ ఎక్కినా, ఖాళీ ట్రాక్టరు ఎక్కినా పదుల్లోనే లెక్కపెడుతుంది. మధ్యలో మిగిలే కిలోలు దాని కంటికి ఆనవు. బాన్సువాడ నుంచి వర్ని వెళ్ళే రోడ్డు పక్కన, రేకుల గదిలో కూర్చుని ఆ కాంటా చూపించిన అంకె రాయడం నా ఉద్యోగం. నిండు లారీ బరువులోంచి ఖాళీ లారీ బరువు తీసేస్తే సరుకు మిగులుతుంది. నా చదువుకు ఈ ఒక్క తీసివేత సరిపోయింది, నా బతుకుకూ అదే సరిపెట్టుకున్నాను.

పొద్దున ఆరింటికి కుర్చీలో కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేవడానికి ఉండదు. ఎండ రేకుల మీద పడి గదిలోకి దిగుతుంది. బయట హారన్లు. "అన్నా, జల్ది రాయి! రాయే, ఇంక రెండు ట్రిప్పులున్నయ్!" అని కిటికీలోంచి డ్రైవర్లు. రోజంతా రాయి, రాయి అని వినీ వినీ సాయంత్రానికి నేనూ ఓ రాయినై ఇంటికి చేరేవాణ్ణి. ఆ మాట మరో రకంగా నా మీదికే వచ్చి పడబోతోందని అప్పుడు తెలియదు.

కాంటా దగ్గర నాతో పాటు మరో ఇద్దరు ఉండేవారు. ఒకరు కుక్క. రెండోది అవ్వ.

కుక్క మూడేళ్ళ కిందట దెగ్లూరు వైపు నుంచి వచ్చిన చెరకు లారీ దిగి మళ్ళీ ఎక్కలేదు. గోధుమ రంగు మగ కుక్క. ఒక చెవి నిలబడి ఉంటుంది, ఒకటి పడుకుని ఉంటుంది. పేరు పెడితే మనదైపోతుందని భయపడి పెట్టలేదు, పెట్టకపోయినా అయిపోయింది. తెలుగులో రమ్మంటే అటు తిరిగి పడుకునేది. మరాఠీ డ్రైవర్లను అడిగి "ఇకడే యే" అనడం నేర్చుకున్నాను. నా యాసకు డ్రైవర్లు నవ్వేవాళ్ళు గానీ, కుక్క మాత్రం మర్యాదగా లేచి వచ్చేది.

అవ్వది పెద్ద కొడప్‌గల్ దగ్గరి ఊరు. వడ్ల కాలంలో ఇక్కడ చుట్టాలింట్లో ఉండి, తెల్లారగానే చీపురూ చాటా గోనెసంచీ పట్టుకుని కాంటా దగ్గరికి వచ్చేది. లారీ కాంటా ఎక్కేటప్పుడు ఒక్క కుదుపు కుదుపుతుంది కదా, అప్పుడు టార్పాలిన్ పట్టా చిరుగుల్లోంచి వెనక టైర్ల పక్కన వడ్లు రాలతాయి. ఆ రాలిన వడ్లు అవ్వవి. ఎక్కడా రాసి లేదు గానీ, రైతు అడగడు, మిల్లువాళ్ళు అడగరు, మరో మనిషి అక్కడ చీపురు పెట్టదు. అవ్వ ఊడ్చుకుని, చెరిగి, మట్టి తీసి సంచిలో పోసుకుంటుంది.

కుక్కకూ సరిగ్గా ఆ వెనక టైర్లే కావాలి. ఎక్కడెక్కడి ఊళ్ళ కుక్కలో ఆ టైర్ల మీద చెప్పి పంపిన కబుర్లు వాసన చూసి, కాలెత్తి తన జవాబు తను రాసేది. ఆ జవాబు వెళ్ళి అవ్వ వడ్ల మీద పడేది.

"నీ కాలిరుగ! బాన్సువాడల ఇంకేడ జాగ దొరకలేదా నీకు?" అని చీపురు విసిరేది. కుక్క పక్క టైరు దగ్గరికి వెళ్ళేది. "నువ్వన్న చెప్పు బిడ్డా దీనికి!" అని నా మీదికి తిరిగేది. నాకు వచ్చిన మరాఠీ రెండు ముక్కలే అవ్వా, అందులో ఉచ్చ పోయొద్దని లేదు అనేవాణ్ణి. ఇది రోజుకు ఏడెనిమిది సార్లు జరిగేది. ఆ తిట్లతోనే మాకు పొద్దు తెలిసేది.

పోయిన యాసంగిలో ఓ చిన్న గొడవ వచ్చింది. ఓ రైతు తన ఖాళీ ట్రాక్టరు తూచేటప్పుడు కుక్క కాంటా మీద పడుకుని ఉందని పట్టుకున్నాడు. "ఖాళీ బండి మీద ఇరవై కిలోలు ఎక్కువొస్తే నా వడ్లల్ల కట్ అవుతయ్ గద సారూ!" అన్నాడు. న్యాయమే. మరునాటి నుంచి కుక్కను గదిలో నా కుర్చీ కాలికి కట్టేయడం మొదలుపెట్టాను. లారీల వరుస తెగినప్పుడు విప్పేవాణ్ణి. వరుస తెగేది మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి. దాని ముందు పెట్టిన గిన్నెలో నీళ్ళు గంటలో వేడెక్కిపోయేవి. మూతి పెట్టి తీసేసేది. కొత్త నీళ్ళు పోయాలని అనుకునేవాణ్ణి. అనుకున్న నీళ్ళతో దాహం తీరదు కదా.

కొన్ని రోజులకు కుక్కలో గొప్ప శ్రద్ధ కనిపించింది. విప్పగానే ఆగి ఉన్న లారీల వరుసంతా ఒక్క టైరూ వదలకుండా కాలెత్తుతోంది. ఎత్తిన కాలు దించడానికి ఇదివరకటికంటే ఎక్కువసేపు తీసుకుంటోంది. వీపు కాస్త వంగేది. తర్వాత కూర్చుని అదే పనిగా కింద నాక్కునేది. "మీ కుక్కకు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ నౌకరి వచ్చిందానే? టైరు టైరు చెక్ చేస్తున్నది" అని ఓ డ్రైవరు అన్నాడు. నేనూ నవ్వాను. ఈ సీజన్‌లో మా కాంటా దగ్గర ఉత్సాహంగా పని చేసేవాళ్ళు ఒక్కరైనా ఉన్నారనుకున్నాను.

అవ్వ తిట్లు కూడా ఆగిపోయాయి. నాలుగు రోజులు చీపురు గాల్లోకి లేవలేదు. ఇంటికెళ్ళి మా ఆవిడతో, "అవ్వకు కుక్కకు రాజీ అయింది" అని చెప్పాను. "నీకేం తెలుసు, కొట్లాట ఇంకోతీరుగ నడుస్తుందేమో" అంది ఆవిడ. ఆవిడకు రాజీల మీద నమ్మకం తక్కువ, నాతో కాపురం చేస్తోంది కాబట్టి.

ఐదో రోజు సాయంత్రం అవ్వ కిటికీ దగ్గరికి వచ్చింది. చేతిలో చాట.

"బిడ్డా, నీ కుక్కకు పానం మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నదవ్వా. ఎందుకు?"

"కాలెత్తుడే గని నేల తడుస్తలేదు. నాలుగొద్దులాయె చూస్తున్న. నా వడ్లు ఒక్కనాడన్న తడిస్తే ఒట్టు. ఇయ్యాల టైరు పక్కపొంట చెయ్యి పెట్టి చూసిన. పొడి పొడి ఉన్నది."

నేను రోజుకు వందసార్లు అద్దంలోంచి ఆ టైర్లను చూస్తాను. టైరు కాంటా గీతలోపల ఉందా లేదా అని చూస్తాను. దాని పక్కన నేల తడిసిందా లేదా అని ఎప్పుడూ చూడలేదు. కాంటా మీద కూర్చున్నవాణ్ణే గానీ, కంట కనిపెట్టింది మాత్రం కింద కూర్చుని ఊడ్చుకునే మనిషి.

కిందికి దిగి చూశాను. కుక్క లారీ పక్కన కాలెత్తి వణుకుతోంది. రెండు చుక్కలు పడ్డాయి. ఆగింది. మళ్ళీ ముక్కింది. ఇంకో చుక్క.

"రాయి పడ్డదవ్వా" అన్నాను, డాక్టరులాగా.

ఆ ధైర్యం నాకు ఎక్కడిదంటే, రెండేళ్ళ కిందట నాకే కిడ్నీలో రాయి పడింది. నొప్పితో మంచం పట్టెను కొరికినంత పని చేశాను. మా ఆవిడ రోజూ ఉలువలు ఉడకబెట్టి ఆ నీళ్ళు చెంబులకొద్దీ తాగించింది. ఓ పొద్దున రాయి దానంతట అదే బయటపడింది. అది ఉలువల వల్ల పడిందో, నీళ్ళ వల్ల పడిందో, నా అరుపులు భరించలేక పడిందో ఎవరూ తేల్చలేదు. కానీ ఆ రోజు నుంచి బాన్సువాడలో ఎవరి నడుం నొప్పి విన్నా ఉలువల నీళ్ళ గురించి చెప్పేంత అనుభవజ్ఞుణ్ణి అయ్యాను. మూత్రం గురించి నాకు తెలిసిన ఏకైక సూత్రం అది.

కుక్కను ఇంటికి తీసుకెళ్ళాను, మా ఆవిడ ఆ సాయంత్రమే ఉలువలు ఉడకేసింది. "కుక్కకు నడుస్తదో లేదో దవాఖానల అడగరాదు?" అని ఒకమాట అంది. సీజన్‌లో కాంటా వదిలి ఎక్కడ పోను అన్నాను. చల్లారిన ఉలువల నీళ్ళలో కాసిన్ని పాలు కలిపి గిన్నె నిండా పోశాను. వారం నుంచి వేడి నీళ్ళకు మొహం తిప్పుకున్న కుక్క పాల వాసనకు గిన్నె ఖాళీ చేసింది. మళ్ళీ పోశాను. అదీ తాగింది. పొద్దున కాంటా దగ్గరికి తీసుకొచ్చి ఇంకో గిన్నె తాగించాను.

ఎనిమిది గంటలప్పుడు గది ముందు సిమెంటు మీద నాలుగు చుక్కలు పడ్డాయి. ఎర్రగా ఉన్నాయి. వంగి చూసి సంతోషించాను. ఉలువల నీళ్ళు కూడా ఎర్రగానే ఉంటాయి కదా. తాగించిన మందు తొవ్వ దొరకబట్టుకుని బయటికొస్తోందని అనుకున్నాను. ఫోన్ చేసి మా ఆవిడకు కూడా చెప్పాను, పనిచేస్తోందని.

ఆ తప్పు గురించి తర్వాత చాలాసార్లు ఆలోచించాను. రక్తాన్ని చూసి మందు అనుకున్నాను. ఉలువలు ఎరుగని మనిషైతే ఆ చుక్కలు చూసి హడలిపోయి అప్పుడే దవాఖానకు పరుగెత్తేవాడు. నాకు తెలిసిన ఒక్క ముక్క నన్ను నాలుగు గంటలు కూర్చోబెట్టింది.

పన్నెండింటికి కుక్క తాగిందంతా కక్కింది. కుర్చీ కింద చేరి లేవలేదు. "ఇకడే యే" అంటే ఒక చెవి మాత్రం కదిలింది. అవ్వను కేకేశాను. ఆమె వచ్చి గదిలో చతికిలబడి కుక్క పొట్ట మీద చెయ్యి వేసింది. అది మూలిగింది.

"డోలు లెక్క బిగిసింది. ఇగ ఆలస్యం చెయ్యకు బిడ్డా. చస్తది."

బయట పదకొండు లారీలు నిలబడి ఉన్నాయి. కిటికీ మూసి బయటికి వచ్చేసరికి ముందున్న డ్రైవరు అడ్డం వచ్చాడు.

"ఏందన్నా, యాడికి?"

"దవాఖానకు. కుక్కకు ఉచ్చ బందైంది."

"కుక్క కోసం కాంటా బంద్ పెడ్తవా? నా పట్టా కింద వడ్లు ఉడుకుతున్నయ్!"

వెనక లారీ డ్రైవరు ఒకాయన దిగి వచ్చాడు. కుక్కను చూసి, మరాఠీ కలిసిన తెలుగులో, "జానే దే రే. నీకు బందైతే తెలుస్తది" అన్నాడు. మొదటి డ్రైవరు తల గోక్కుని తప్పుకున్నాడు. ఆ వాదన ముందు ఎవరైనా తప్పుకుంటారు.

ఆటో పిలిచాను. కుక్కను ఎత్తుకుని కూర్చోబోతుంటే అవ్వ చాటనూ చీపురునూ గోడకు ఆనించి, సంచి మూతి ముడివేసి, ఆటో ఎక్కింది. పదకొండు లారీల కింద ఆ రోజు రాలబోయే వడ్లను వదిలేసి వస్తోందని అప్పుడు తోచలేదు. ఆమె కూడా ఆ సంగతి ఎత్తలేదు. కుక్క తలను ఒళ్ళో పెట్టుకుని, "నీ కాలిరుగ అన్న గని, నిజంగ గిట్ల కావాల్నని అన్నానే?" అంటూ దానికే సంజాయిషీ చెప్పుకుంది.

పశువుల దవాఖానలో మా ముందు రెండు మేకలూ ఓ దూడా ఉన్నాయి. డాక్టరమ్మ మా కుక్క పడి ఉన్న తీరు చూసి ముందు మమ్మల్నే పిలిచింది. పొట్ట నొక్కి చూసింది, తోక కింద వేడి చూసింది.

"ఉచ్చ పోసి ఎంతసేపైంది?"

"పొద్దున నాలుగు చుక్కలు పోసింది మేడం. ఎర్రగ. అంటే, ఉలువల నీళ్ళు తాగించిన కద, అందుకని..."

ఆమె చేతులు ఆగిపోయాయి. "ఏం తాగిచ్చినవ్? ఎంత?"

"మూడు గిన్నెలు."

"అన్నా, నువ్వు కాలువ కింద బతికెటోనివే గద. తూము మూసి పైనుంచి నీళ్ళు ఇడుస్తరా ఎవరన్న? కట్ట తెగుతది. దీని ఉచ్చ సంచి పగిలితే నేను జేసేది ఏముంటది?"

నిజాంసాగర్ నీళ్ళు తాగి పెరిగిన మనిషికి తూము గురించి పశువుల డాక్టరు పాఠం చెప్పాల్సి వచ్చింది.

గొట్టం పెట్టాలి, దానికి కొంచెం మత్తు ఇవ్వాలి, మత్తు మోతాదుకు బరువు కావాలి అంది. "ఎన్ని కిలోలుంటది?"

ఈ చుట్టుపక్కల ఏ లారీ ఖాళీ బరువెంతో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. మూడేళ్ళు నా కుర్చీ కింద పడుకున్న కుక్క బరువు తెలియదు.

"ఇరవై ఉంటది" అన్నాను. "కాంటా మీద ఇరవై చూపిచ్చింది."

"మీ కాంటా పదులల్ల చూపిస్తది. నాకు ఒక్కొక్క కిలో కావాలె" అని మూలనున్న మనుషుల తూకం మిషన్ చూపించింది. "ఎత్తుకుని ఎక్కు. తర్వాత నువ్వొక్కనివి ఎక్కు. ఆ లెక్క నీకు వస్తది గద?"

వచ్చు. అదొక్కటే వచ్చు. కుక్కను గుండెలకు ఆనించుకుని ఎక్కాను, నిండు లారీ. కుక్కను అవ్వకిచ్చి మళ్ళీ ఎక్కాను, ఖాళీ లారీ. ముల్లు ఓ పట్టాన నిలవలేదు. "కదలకు బిడ్డా, ఇంజన్ బంద్ చెయ్యి" అంది అవ్వ. తీసేస్తే పదిహేడు మిగిలింది. ఇన్నేళ్ళలో నేను తూచిన సరుకుల్లో తప్పు రాకూడదని ఇంతగా భయపడింది ఆ పదిహేడు కిలోలకే.

మత్తు ఎక్కాక డాక్టరమ్మ సన్నటి గొట్టాన్ని జాగ్రత్తగా లోపలికి పంపింది. కొంత దూరం పోయి ఆగింది. "ఇటు రా, చెయ్యి పెట్టు" అంది. గొట్టం కొసన ఏదో గరగర తగిలింది, అన్నంలో ఇసుక పంటికి తగిలినట్టు.

"అగో రాయి. మగ కుక్కకు ఇక్కడ సన్నటి బొక్క ఉంటది. దాని దగ్గర తొవ్వ ఇరుకు. సంచిలకెంచి జారిన రాయి వచ్చి ఆడ్నే తట్టుకుంటది. ఆడ కుక్కలకు తొవ్వ వెడల్పు, వాటికి రాళ్ళున్నా గిట్ల బందవుడు తక్కువ. కోడెదూడలకు, మేకపోతులకు గిదే తిప్పలు. వారానికి ఒకటన్న వస్తది నా దగ్గరికి."

బొక్క అంటే మాకు ఎముక. వర్ని వైపు స్థిరపడిన ఆంధ్రా రైతులకు అదే మాట రంధ్రం. మా కుక్క విషయంలో ఇద్దరిదీ నిజమే, ఎముక అడ్డం ఉన్నందుకే రంధ్రం చాలలేదు. ఆ సమయంలో నాకు ఇలాంటివి తోచడం నా జబ్బు. దానికి గొట్టం లేదు.

డాక్టరమ్మ గొట్టంలోంచి మందు నీళ్ళు మెల్లగా, ఒత్తిడిగా ఎక్కించింది. ఒకసారి, రెండోసారి. మూడోసారికి ఏదో వదులైనట్టు గొట్టం ముందుకు జారింది. రాయి వెనక్కి సంచిలోకి వెళ్ళిందట. వెంటనే గొట్టం కొసనుంచి ఎర్రటి మూత్రం ధారగా ట్రేలో పడసాగింది. ట్రే నిండింది. ఇంకో ట్రే పెట్టారు. బిగిసిన పొట్ట మా కళ్ళముందే కుంగింది.

"తడిసింది" అంది అవ్వ, గోడకు ఆనుకుని.

"గండం తప్పింది, రోగం తప్పలేదు" అని డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ చెప్పింది. రాళ్ళు ఇంకా సంచిలోనే ఉన్నాయి, మళ్ళీ జారతాయి. ఎక్స్‌రే తీస్తే ఎన్నున్నాయో తెలుస్తుంది. కొన్ని రకాల రాళ్ళు మూత్రంలో చీము పట్టడం వల్ల వస్తాయి, వాటిని మందులతో, ప్రత్యేకమైన తిండితో కరిగించవచ్చు. కొన్ని రకాలు దేనికీ కరగవు, కోసి తీయాల్సిందే. "ఉలువలకు కరుగుతయా?" అని అడిగాను, సిగ్గు లేకుండా. "నీది కూడా కరగలేదన్నా, జారి పడ్డది. నీ తొవ్వల బొక్క లేదు" అంది. మళ్ళీ కాలెత్తి నిలబడి చుక్కలే పడితే, రంగు మారితే, ఊరికే నాక్కుంటుంటే ఒక్కరోజు కూడా ఆగొద్దని, అసలే రాకపోతే గంటలు లెక్కపెట్టాలని చెప్పి, నిజామాబాద్‌లో పెద్ద దవాఖానకు చీటీ రాసిచ్చింది.

సాయంత్రం కాంటా దగ్గరికి వచ్చేసరికి నాలుగు లారీలు వేరే కాంటాకు వెళ్ళిపోయాయి, ఏడు అలాగే ఉన్నాయి. కుక్కను గదిలో పడుకోబెట్టి ఆ ఏడూ తూచాను. ఎవరూ జల్ది అనలేదు. ప్రతి డ్రైవరూ కిటికీలోంచి లోపలికి తొంగిచూసి, "పోసిందా?" అని అడిగి చీటీ తీసుకున్నాడు.

మరునాడు నేనూ మా ఆవిడా దాన్ని నిజామాబాద్ తీసుకెళ్ళాం. కాంటా యజమానికి ఫోన్‌లో విషయం చెబితే తనే వచ్చి కూర్చుంటానన్నాడు. ఎక్స్‌రేలో పొట్ట కింద తెల్లగా జొన్న గింజల్లాంటివి గుత్తిగా కనిపించాయి. ఆ మధ్యాహ్నమే ఆపరేషన్. బయట బెంచీ మీద మా ఆవిడ టిఫిన్ డబ్బా విప్పలేదు, నేనూ అడగలేదు. "నేను అడగమన్ననా లేదా దవాఖానల?" అని ఒక్కసారి మాత్రం అంది. "అన్నవ్" అన్నాను. కాసేపయ్యాక, "ఉడకబెట్టింది నేనే గద" అని తనే అంది. ఇద్దరం తలుపు వైపు చూస్తూ కూర్చున్నాం.

తొమ్మిది రాళ్ళు తీశారు. పరీక్షకు పంపగా మిగిలినవి చిన్న సీసాలో వేసి నా చేతిలో పెట్టారు. మసక తెలుపు, ముళ్ళముళ్ళుగా. తిరిగొచ్చాక ఊరుకోలేక ఆ సీసాను ఖాళీ కాంటా మధ్యలో పెట్టి గదిలోకి వచ్చి చూశాను. సున్నా. ఒక ప్రాణం మీదికి తెచ్చిన బరువు నా కాంటాకు కనిపించనే లేదు.

పరీక్షలో అవి కరగని రకమని తేలింది. మళ్ళీ రావచ్చు కూడానట. కుట్లు నాకకుండా పెయింటు బకెట్టు అడుగు కోసి దాని మెడకు తొడిగాం. ఆ బకెట్టులోంచి అది నావైపు చూసిన చూపులో నింద ఉందో, నొప్పి మందుల మత్తే ఉందో తెలియదు. డాక్టరమ్మ చెప్పినట్టు అన్నంలో నీళ్ళు ఎక్కువ పోసి జావలా పెడుతున్నాం. డ్రైవర్లు వేసే మిర్చి బజ్జీలు బంద్. నీడలో మట్టి కుండ పెట్టి రోజుకు మూడుసార్లు నీళ్ళు మారుస్తున్నాను. ఇక కట్టేయడం లేదు. కాంటా మీదికి ఎక్కకుండా గది చుట్టూ వెదురు తడికె కట్టాను, బయటికి పోవడానికి వెనక దారి వదిలాను. రెండు గంటలకోసారి నేనే లేచి "ఇకడే యే" అని బయటికి తీసుకెళ్తాను. లారీ ఆగుతుంది. హారన్ కొడతారు. మోకాళ్ళు కూడా వాటి హారన్ అవి కొడతాయి.

కుట్లు విప్పిన వారానికి, ఓ మధ్యాహ్నం గదిలో అంకె రాస్తుండగా బయట చీపురు లేచిన చప్పుడు.

"నీ కాలి..." అని మొదలుపెట్టి అవ్వ ఆగిపోయింది. రెండో ముక్క అనలేదు. తర్వాత కిటికీ వైపు తిరిగి అరిచింది: "తడిసింది బిడ్డో! గిద్దెడు వడ్లు తడిసినయ్!"

అప్పటి నుంచి సీజన్ అయ్యేదాకా అవ్వే మా ల్యాబు. రోజుకు నాలుగైదు సార్లు కిందినుంచి కేక వచ్చేది. తడిసిందనో, పలచగ ఉన్నదనో, ఇయ్యాల కొంచెం ముదురుగున్నది నీళ్ళు పొయ్యమనో. నేను లారీ బరువు రాసే పుస్తకం అంచునే ఆ మాటా రాసుకునేవాణ్ణి. తడిసిన వడ్లను ఆమె విడిగా కడిగి ఎండబెట్టుకునేది. నేను కడుగుతానంటే ఇవ్వలేదు.

వానలు మొదలయ్యే ముందు చివరి లారీ తూచిన రోజు అవ్వ సంచి కట్టుకుని బస్సెక్కింది. కాంటా ఖాళీ. రెండు రోజులకు వాన పడి నేలంతా తడిసిపోయింది. కుక్క ఎక్కడ కాలెత్తినా ఏది ఎవరి తడో తెలియదు. ఆ పొద్దున నాకు నిజంగా ఫికరైంది. రేకుల కింద పొడిగా ఉన్న సిమెంటు మీదికి ఓ పాత లారీ టైరు దొర్లించుకొచ్చి నిలబెట్టాను. దాని పక్కన వాడని కాంటా చీటీలు నాలుగు పరిచాను. తెల్ల కాగితమైతే రంగు తెలుస్తుందని. కుక్క వచ్చింది. టైరును చాలాసేపు వాసన చూసింది, దాని మీద కొత్త కబురేమీ లేనట్టుంది. ఇంకో పక్కకు వెళ్ళి చూసింది. నేను స్తంభం పట్టుకుని నిలబడ్డాను. చివరికి కాలెత్తింది.

మోకాళ్ళ మీద కూర్చోవడానికి నాకు కొంతసేపు పట్టింది. చీటీలు నాలుగూ తడిశాయి. లేత పసుపు. చేత్తో నేల కూడా తడిమి చూశాను. తర్వాత అదే చెయ్యి తుడుచుకుని అవ్వకు ఫోన్ చేశాను.

పలకరింపు లేదు. "తడిసిందా?" అంది.

"తడిసిందవ్వా."

"ఎర్రగ లేదు గద?"

"లేదు. మంచిగనే ఉన్నది."

అటువైపు వాన చప్పుడు వినిపించింది. "సరే, ఇగ రోజు నువ్వే వంగి చూడు. వానకాలం వడ్లకు నేనొస్త" అంది. "అప్పటిదాంక దానికి వేరే జాగ నేర్పు."

నేర్పుతానని చెప్పి, టైరు పట్టుకుని లేచాను.